దాలమ్మకు చూపించిన రోజుబొమ్మలు

జ్యేష్ఠ శుద్ధ విదియ

గోడ తుడిచాను. మూడు బకెట్లకు కొంచెం తక్కువ వచ్చింది. ఎండలు ముదిరేకొద్దీ మేముండే కొండ లోపలి గోడలకు చెమ్మ తక్కువ పడుతుంది. ఏటా ఉన్నదే. తడిగుడ్డలు పిండించి, మా వీధి నీళ్లన్నీ కొలిచి, లెక్క రాసి పెద్ద తొట్టిలో పోయించాను.

ఈరోజు శీతశాలలో నా భార్య దాలమ్మ పెట్టె తెరిచారు. పన్నెండేళ్ల వంతు అయిపోయింది. ఆమె దిగిన ఏడు మా ఇంట్లో ముగ్గురం ఉంటే ఇద్దరి నీళ్లే వచ్చేవి. ఇప్పుడూ అంతే. ఇంటికొకరు శీతశాలలో నిద్రపోతే తప్ప మిగిలినవాళ్ల గొంతు తడవదు. పెట్టెలో ఉన్నంతకాలం మనిషికి వయసు పెరగదు. దిగినప్పుడు దాలమ్మకు ఇరవై ఏడు. ఈరోజు లేచినప్పుడూ ఇరవై ఏడే. నాకు నలభై ఆరు. మా అమ్మాయి అసిరికి అప్పుడు నాలుగు, ఇప్పుడు పదహారు.

శీతశాల వాళ్లు బొమ్మలు పట్టుకురమ్మని కబురు చేశారు. ఏడాదికొక కట్ట. కొత్తగా లేచినవాళ్ల కళ్లకు నలభై రోజులపాటు వెలిగే తెర పడదు, కదిలే ముఖం అసలే పడదు. మసక దీపం కింద కాగితం మీద పెన్సిలు గీతను మాత్రమే ఆ కళ్లు ఓర్చుకుంటాయి. అందుకని నిద్రలో మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ రోజుకొక బొమ్మ గీస్తారు. ఆ రోజు కంటికి ఏది కనబడితే అది. కింద అక్షరం రాయకూడదు. అక్షరాలు చూస్తే వాళ్లకు తలనొప్పి వస్తుంది. ఏదైనా తెలియకపోతే అడగాలి, గదిలో పనిచేసే మనిషి జవాబు చెప్పాలి.

నేను గీసినవాటిలో ఎక్కువ భాగం గ్లాసులు, పిండిన గుడ్డలు, నీళ్ల వరసలో నిలబడ్డ కాళ్లు. అసిరి కూడా ఉంది. కానీ ముఖం కనిపించే బొమ్మలు ఏడేళ్ల వయసు దాకానే. ఆ తరవాత నేను కాగితం తీయగానే వీపు తిప్పి కూర్చోవడం మొదలుపెట్టింది. జడ, మడమలు, మోచేయి, ఇవే దొరికాయి. ఏటా ఒకసారి నా ముఖం మాత్రం తనే గీసిపెడుతుంది. ఎవరో ఒకరు గీయాలి కాబట్టి.

కట్టలు మోయడానికి సాయం వచ్చింది. దారిలో ఒక్క మాటే అడిగింది.

"ఇయ్యన్నీ సూసినాక అమ్మకి నచ్చకపోతే?"

"బొమ్మలా?"

"మనం."

నాకు తెలియదన్నాను.

ఈరోజు బొమ్మ: బకెట్ మీద ఆరేసిన గుడ్డ.

జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

లేచినవాళ్లను నలభై రోజులు ఉంచే మెలకువ గదిలో దాలమ్మను చూసుకుంటున్నది ఎర్నమ్మ. ఆ గదిలో పనిచేసేవాళ్లు కళ్లు మాత్రం కనబడేలా ముఖానికి తెల్లగుడ్డ కట్టుకుంటారు. బయటికొచ్చాక కూడా ఒక్కోసారి ఎర్నమ్మ దాన్ని విప్పడం మరిచిపోతుంది. ఈరోజు అలాగే నీళ్ల తొట్టి దగ్గరికి వచ్చింది.

"నీ పెళ్లాం గంజి తాగీసింది. రెండో గళాసు అడిగితే, నీళ్ల గుమాస్తా పెళ్లానివి గదా, నీకు లెక్కేటమ్మా అన్నాను."

"బొమ్మలు చూసిందా?"

"మొదటి కట్ట సూపించినాను. ఒకటి తీసి, ఇది మనిసా, కందదుంపా అని అడిగింది. నాను జవాబు సెప్పాల గదా మరి. అటు తిప్పినాను, ఇటు తిప్పినాను. నీకైనా తెల్సునా?"

తొట్టి పక్కన నిద్రపోతున్న ముసలాయన తల అని చెప్పాను. ఎర్నమ్మ గుడ్డ వెనక చాలాసేపు నవ్వింది.

గీయడం నాకు ఎవరూ నేర్పలేదు. మొదట్లో కొన్ని నెలలు మనుషుల జోలికి పోకుండా వస్తువులే గీశాను. గ్లాసు మూతి గుండ్రమని తెలుసు కనుక గుండ్రంగా గీసేవాణ్ని. పక్కనుంచి చూస్తే అది కోలగా ఉంటుందని తెలియడానికి నాలుగైదు నెలలు పట్టింది. గ్లాసు రోజూ నా ఎదురుగానే ఉండేది.

అసిరి నాలుగేళ్ల పిల్లగా నిద్రపోతున్న బొమ్మలు మొదటి కట్టలో ఉన్నాయి. వాటిని దాలమ్మ గుర్తుపట్టిందట. ముక్కు సరిగా రాలేదందట.

జ్యేష్ఠ శుద్ధ దశమి

శీతశాల నుంచి కాగితం వచ్చింది. దాలమ్మ ఖాళీ చేసిన పెట్టెలోకి మా ఇంటి నుంచి ఒకరు ఆషాఢ శుద్ధ పంచమి నాటికి దిగాలి. పేరు కూడా వాళ్లే వేశారు. అసిరి.

దాలమ్మ దిగిన రోజుల్లో పెట్టె నింపడానికి మూడు నెలల గడువు ఉండేది. తల్లి మెలకువ గది దాటి వచ్చాక పిల్లతో నెలన్నర గడుపుతుందనే లెక్కలో ఉన్నాం. ఆమె దిగేటప్పుడూ ఆ లెక్కతోనే దిగింది. మెలకువ గదిలో నలభై రోజులు నిండేది తొలి ఏకాదశికి. పంచమికే అసిరి వెళ్లిపోతే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం ఉండదు. మళ్లీ పన్నెండేళ్లు.

శీతశాల పెద్ద డాక్టరు మెహరున్నీసా గారు. ఆమె గదికి వెళ్లాను.

"నేను దిగుతానమ్మా," అన్నాను.

"నలభై దాటినవాళ్లను దింపడం తేలికే తవిటయ్య గారూ. లేపడమే మా చేతకాదు."

"గడువు మూడు నెలలు ఉండేది కదా."

"యంత్రాలకూ వయసు వచ్చేసింది. ఖాళీ పెట్టెను నెల పైన చల్లగా ఉంచలేకపోతున్నాం. దానికి తగిలిన సెగ పక్క పెట్టెలకు పాకుతుంది. పక్క పెట్టెల్లో మనుషులు ఉన్నారు."

"అయితే దాలమ్మను ముందుగా బయటికి పంపించండి."

ఆవిడ కుదరదన్నారు. మూడేళ్ల కిందట పెట్టెలోంచి లేచిన ఒకాయన ఆగలేక పదిహేనో రోజునే భార్య ముందుకు వచ్చాడని చెప్పారు. ఆ రోజు నుంచి ఆయనకు ఏ ముఖమూ ముఖంలాగా కనిపించదు. ఇప్పటికీ భార్యను చీర రంగు చూసి పోల్చుకుంటాడు. ఆయన ఎవరో నాకు తెలుసు. నీళ్లకు వచ్చినప్పుడు నన్ను గొంతు విన్నాకే పలకరిస్తాడు. ఎందుకో ఇన్నాళ్లూ తెలియలేదు.

"వేరే ఇంటివాళ్లు ఎవరైనా ఈ వంతు తీసుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు," అన్నారు.

రెండిళ్లలో అడిగాను. ఎవరి వంతు వాళ్లదే అన్నారు. తప్పులేదు. నన్ను అడిగినా అదే మాట అనేవాణ్ని.

ఇంటికొచ్చి అసిరికి చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"తెల్సు," అంది. "కాయితం రాకముందే తెల్సు. పక్కింటి చిలకమ్మ ఏళ్లు మడిసి లెక్కేసి సెప్పింది."

"ఏమంటావు?"

"అనడానికేటుంది. అందరూ దిగుతన్నారు, నానూ దిగుతాను. ఎల్లేముందు అమ్మని సూడొచ్చునా?"

"ఏకాదశికి గానీ బయటికి రాదు."

"అయితే నేదన్నమాట," అని ఇంకో కాయ తీసుకుంది.

ఈరోజు బొమ్మ: చేటలో ఈనెలు. గీసేసరికి చీకటిపడింది, నీడలు సరిగా రాలేదు.

జ్యేష్ఠ పౌర్ణమి

ఎర్నమ్మ వచ్చింది. ఈసారి గుడ్డ విప్పి చేతిలో పట్టుకుని ఉంది.

"ఒక సంగతి జరిగింది. నవ్వకు."

"నేను ఎప్పుడు నవ్వాను?"

"అదీ నిజమే. నీ దాలమ్మ ఒక బొమ్మ పట్టుకుని వదల్డం నేదు. తలగడ కిందెట్టుకుని పడుకుంటంది. నా కూతురు ఎంత పొడుగైపోనాదో సూడు ఎర్నమ్మా, గెడ్డం మా అమ్మదే అంటంది. ఏదీ అని తీసి సూసినాను గదా, అది చిలకమ్మ."

చిలకమ్మ మా పక్కింటి సూరీడమ్మ కూతురు. అసిరి ఈడుదే. రోజూ గుమ్మం మీద కూర్చుని పుట్టగొడుగుల వేళ్లకంటిన మట్టి గీకుతుంది. మొదలుపెడితే గంటసేపు తల కదలదు. ముఖాలు గీయడం నేను నేర్చుకున్నది ఆ పిల్లను చూసే. కట్టల్లో ఏడాది వెనక ఏడాది ఆమె ముఖం వస్తూనే ఉంటుంది. పేర్లు లేకుండా వరసగా చూసేవాళ్లకు ఒక ఆడపిల్ల కళ్లముందే పెరుగుతున్నట్టు ఉంటుంది. పక్కన జడ మాత్రమే కనబడే ఇంకో పిల్ల ఎవరో పొరుగింటి పిల్ల అనుకోవడంలో వింత ఏమీ లేదు.

"నువ్వు చెప్పలేదా?"

"అడిగితే సెప్తాను. అడగందే సెప్పకూడదు గదా. ఆయమ్మకి అనుమానమే రానేదు."

సూరీడమ్మ తన గుమ్మంలోంచి అంతా విన్నది. విననట్టు ఊరుకునే మనిషి కాదు.

"అయితే నా కూతురికి ఇద్దరమ్మలన్నమాట," అంది. "పాపం, నీ కూతురికి ఒక్కతీ నేదు."

హాస్యానికే అంది. లోపల అసిరి గిన్నెలు తోముతోంది. చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

జ్యేష్ఠ బహుళ విదియ

కాగితం, పెన్సిలు పట్టుకుని అసిరి ఎదురుగా కూర్చున్నాను. వీపు తిప్పింది.

"ఒక్కటి గీయనివ్వు. నీ ముఖం చూడలేదని కదా మీ అమ్మ చిలకమ్మ ముఖం పట్టుకుంది."

"పట్టుకోనీ. చిలకమ్మ మంచి పిల్లే."

"ఎందుకు వద్దంటావో ఎప్పుడూ చెప్పలేదు."

"నువ్వు ఎప్పుడూ అడగనేదు."

అది నిజం. వద్దన్న పనికి కారణం అడగడం నాకు అలవాటు లేదు. ఈరోజు అడిగాను. వీపు అటే ఉంచి చెప్పింది.

"రోజూ నన్ను గీసి అమ్మకి దాస్తన్నావు. అమ్మ లేస్తాది, నన్నంతా సూసేస్తాది. పాలపళ్లు ఊడినప్పుడు ఎలాగున్నాను, పొక్కులు పోసినప్పుడు ఎలాగున్నాను, అంతా. మరి అమ్మని గీసి నాకు సూపించినోళ్లు ఎవురయ్యా? నాకేటి తెల్సును అమ్మ గురించి? పెట్టె నెంబరు తెల్సు."

శీతశాలలో పెట్టెల దగ్గరికి ఎవర్నీ పోనివ్వరని, గీయడానికి వీలు లేదని చెప్పాను.

"నాకు తెల్సు. అందుకే ఇన్నాళ్లూ నానేటీ అననేదు."

ఈరోజు బొమ్మ: వీపు. రవిక కుట్టు ఒకచోట విడిపోయింది. కుట్టమని చెప్పాను.

జ్యేష్ఠ బహుళ పంచమి

దాలమ్మకు నిజం చెప్పమని ఎర్నమ్మతో అన్నాను. నియమం ఒప్పుకోదంది. నియమం తప్పింది నేనని రాసుకోమన్నాను. కాసేపు ఆలోచించి, రాసుకోవడాలు తనకు చేతకావని, చెప్పేస్తానని వెళ్లింది.

జ్యేష్ఠ బహుళ సప్తమి

నిన్న చెప్పిందట. దాలమ్మ తలగడ కింద నుంచి బొమ్మ తీసి మంచం మీద బోర్లా పెట్టిందట. సాయంత్రం గంజి తాగలేదు. ఈ పొద్దున్న మాట్లాడింది. ఎర్నమ్మ ఆ మాటలు అలాగే తెచ్చింది.

"కందిపోయినట్టు సిగ్గుపడతంది మనిసి. ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చినట్టుందట. ఆఖరికి ఒకటే అడిగింది. మరి నా పిల్ల ముకం ఎక్కడుంది ఎర్నమ్మా, అని. నాను జడ సూపించినాను. ఇదేనమ్మా అన్నాను. ఆ జడని ఏలుతో రాస్తా కూకుంది."

అసిరి పక్కనే నిలబడి వింది. ఎర్నమ్మ వెళ్లబోతుంటే ఆపింది.

"సిన్నమ్మా, నాను కూకుంటాను. ఎన్ని కావాలంటే అన్ని గీసుకోమను. అమ్మ కూడా గీసి పంపాల."

"మీయమ్మ ఎప్పుడైనా పెన్సిలు పట్టిందా?"

"ఈయన పట్టినాడేటి ఎప్పుడైనా? కందదుంపలు గీసినాడు. అమ్మని కూడా కందదుంపలు గీయమను."

డాక్టరు గారు ఒప్పుకున్నారు. రోజుకు ఒక కాగితం, పావుగంట. కళ్లు నొప్పి పుడితే ఆపేయాలన్నారు.

జ్యేష్ఠ బహుళ నవమి

మొదటి బొమ్మ వచ్చింది. ఒక పాదం. మంచం మీద కాళ్లు చాపుకుని తన పాదాన్నే చూసి గీసినట్టుంది. చీపురుకట్టలా ఉంది. వేళ్లు ఐదూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటూ గీసినట్టు ఒక్కోదానికి మధ్య ఎడం వదిలింది. రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు.

అసిరి కాగితాన్ని నేల మీద పెట్టి, పక్కన తన పాదం పెట్టింది. కాసేపు చూసింది. తరవాత కాలు వెనక్కి లాక్కుని, నా వైపు తిరిగి కూర్చుంది.

పదహారేళ్లుగా రోజూ చూస్తున్న ముఖం. గీయబోతే ఒక్క కొలతా తెలియలేదు. కళ్లు తలకు సరిగ్గా సగంలో ఉంటాయని చిలకమ్మను గీస్తూ నేర్చుకున్నాను. ఈ ముఖంలో ఇంకాస్త కిందికి ఉన్నాయి. మొదటి కాగితం పాడైంది. రెండోది కూడా.

"గీసినప్పుడు కోపంగా ఉంటావు, తెల్సునా?" అంది.

"కోపం కాదు."

"మరేటి?"

"కొలత."

"ఆ కొలత నవ్వుతా తీసుకోవచ్చు గదా."

"కదలకు."

మూడోది పంపించాను.

జ్యేష్ఠ బహుళ చతుర్దశి

కాగితాలు అటూ ఇటూ నడుస్తున్నాయి. దాలమ్మ పంపినవి: గంజి గిన్నె, ఎడమచెయ్యి, ఎర్నమ్మ గుడ్డ పైన రెండు కళ్లు. ఎర్నమ్మ కళ్లలో మెల్ల వచ్చింది. తనకు మెల్ల లేదని ఆవిడ మా వీధిలో అందరికీ విడిగా చెప్పింది.

అసిరి బొమ్మల మీద దాలమ్మ మాటలు కూడా వస్తున్నాయి. ముక్కు తనది కాదట, మా అమ్మదట. దానికి తను ఏమీ చేయలేనందట. పై పెదవి ఎందుకు బిగించుకుందని అడిగింది. బిగించుకోలేదు, అది నా గీత బిగుసుకుంది. మర్నాడు వదులుగా గీశాను. బాగుంది అని కబురు వచ్చింది. పన్నెండేళ్లలో నా బొమ్మ బాగుందని ఒకరు అనడం ఇదే మొదలు.

అసిరికి తల్లి పాదం, చెయ్యి తెలిశాయి. ముఖం రాలేదు. ఆ గదిలో అద్దం పెట్టరు.

"తడుముకుని గీయమను," అంది అసిరి.

తడుముకుని గీసింది. గుండ్రంగా వచ్చింది. లోపల రెండు చుక్కలు, ఒక గీత. అసిరి దాన్ని గోడకు అంటించింది. గోడ చెమ్మకు సాయంత్రానికల్లా ఊడి పడింది. ఆరబెట్టి మళ్లీ అంటించింది.

నీళ్లు రెండు బకెట్లకు దిగాయి.

ఆషాఢ శుద్ధ తదియ

డాక్టరు గారు పిలిపించారు. వెళ్లేసరికి ఎర్నమ్మ గోడ వైపు చూస్తూ నిలబడి ఉంది. పంచమి సంగతి దాలమ్మకు తెలిసిపోయిందట. అసిరి ఇంత తొందరగా ఎందుకు కూర్చుంటోంది, రోజుకు రెండేసి బొమ్మలు ఎందుకు వస్తున్నాయి అని అడిగిందట. అడిగితే ఎర్నమ్మ జవాబు చెప్పాలి.

"మీ భార్య తన పెట్టెలోకి తనే తిరిగి వెళ్తానంటోంది," అన్నారు డాక్టరు గారు. "పిల్లను బయట ఉంచమంటోంది. పొద్దున్నించి అదే మాట."

"కుదురుతుందా?"

"లేచిన ఏడాదిలోపు మళ్లీ దింపితే గుండె ఆగుతుంది. ఆ మాట చెప్పాను. ఆగితే ఆగనీ అంది. మీరు ఒక మాట చెప్తే వింటుందేమో. రాసి కాదు, ఎర్నమ్మతో."

నేను మాటల మనిషిని కాను. చివరికి, అసిరి వెళ్తానంటోందని, భయపడటం లేదని, తల్లిని చూడకుండా వెళ్లడం ఒక్కటే దానికి కష్టంగా ఉందని చెప్పమన్నాను. ఉన్నది అంతే.

ఎర్నమ్మ వెళ్లి చాలాసేపటికి వచ్చింది.

"అయితే దానికి నన్ను సూపించండి అంటంది. నాను సూడకపోయినా పర్లేదు, నా కళ్లు కట్టీయండి అంటంది."

డాక్టరు గారు కిటికీ లేని గోడ వైపు చూశారు. తరవాత, మూడు మడతల నల్లగుడ్డ అయితే ఫరవాలేదన్నారు. దింపే ముందు, నడవలో, గంట కొట్టేదాకా.

ఆషాఢ శుద్ధ పంచమి

గోడ తుడవలేదు. చిలకమ్మ వచ్చి తుడిచింది. అసిరి వెళ్లేటప్పుడు తన దువ్వెన ఆ పిల్లకు ఇచ్చింది. సూరీడమ్మ గుమ్మంలో నిలబడి ఏదో అనబోయి ఊరుకుంది. పిల్ల తల నిమిరింది.

శీతశాల నడవ చల్లగా ఉంటుంది. ఎర్నమ్మ దాలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కళ్ల మీద నల్లగుడ్డ. నేను పంపినప్పటి చీరే. మనిషి ఏమీ మారలేదు. అది తెలిసిన విషయమే. అయినా చూడగానే రెండడుగులు వెనక్కి వేశాను.

"ముందు ఎవురు?" అంది.

చెయ్యి చాపితే నా భుజం తగిలింది. మెడ దాకా తడిమింది.

"నువ్వు తెల్సు. పక్కకి తప్పుకో బావా."

తప్పుకున్నాను. అసిరి వెళ్లి ఎదురుగా నిలబడింది. తల్లి కన్నా నాలుగు వేళ్లు పొడుగు. ఇద్దరినీ చూసినవాళ్లు అక్కచెల్లెళ్లు అనుకుంటారు.

దాలమ్మ జడతో మొదలుపెట్టింది. జడ చివరిదాకా వెళ్లి, మళ్లీ పైకొచ్చి, నుదురు, కనుబొమలు, కళ్లు తడిమింది.

"కళ్లు కొంచెం కిందికి ఉన్నాయి. మీ అయ్య బాగానే గీసినాడు."

"రెండు కాయితాలు పాడుచేసినాడు."

"ముక్కు మా అత్తదే. పోనీలే. ఇదేటి?"

వేళ్లు గడ్డం కింద ఆగాయి.

"గాటు," అంది అసిరి. "బకెట్టు అంచు తగిలింది. తొమ్మిదో ఏట."

"బొమ్మల్లో నేదు."

"ఎదురుగా కూర్చుంటే గడ్డం కింద కనపడదు," అన్నాను.

"నిన్ను అడగనేదు. ఎన్ని కుట్లే?"

"మూడు."

"ఏడిసినావా?"

"ఏడిసినాను," అంది. "అమ్మా అని ఏడిసినాను. అందరూ అలాగే ఏడుస్తారు గదా, అలవాటు."

దాలమ్మ ఆ చోటి నుంచి వేలు తీయలేదు. అసిరి తల్లి ముఖం చూస్తూ నిలబడింది. గుడ్డ కింద కనిపిస్తున్నది సగమే. ముక్కు కొస, బుగ్గలు, నోరు. ఎంత దగ్గరగా చూసిందంటే, నేను ఏ గ్లాసునూ అంత దగ్గరగా చూడలేదు.

"నీ పైపెదవి మీద పుట్టుమచ్చ ఉంది," అంది అసిరి. "ఎవురూ సెప్పనేదు నాకు."

"నాకూ తెలీదే. ఇప్పుడే పుట్టిందేమో."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఒకేలాగా నవ్వలేదు. అసిరి నవ్వు నాదట, దాలమ్మ అంది. నేను నవ్వగా తను ఎప్పుడు విన్నదో తెలియదు.

గంట కొట్టారు. అసిరి వెళ్లి పెట్టెలో పడుకుంది. తల్లి కొలతకు చేసిన పెట్టె కావడంతో కాళ్లు తగిలాయి. కింది పలక విప్పి అవతలికి జరిపి బిగించడానికి కొంత సమయం పట్టింది. అంతసేపూ దాలమ్మ పెట్టె అంచు పట్టుకుని ఉంది. చలి వేస్తుందా అని అడిగింది. మొదట్లో వేస్తుంది, తరవాత తెలీదు అని తనే చెప్పింది.

మూత వేశారు.

ఈరోజు బొమ్మ: లేదు. సాయంత్రం కాగితం తీశాను. గీత పడలేదు.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

దాలమ్మ ఇంటికి వచ్చింది. గుడ్డ తీసేశారు. గుమ్మంలో నిలబడి నన్ను చాలాసేపు చూసింది. నేను కదలకుండా నిలబడ్డాను. కదిలే ముఖం పడదన్న భయం నాకు ఇంకా పోలేదు.

"ఆ బొమ్మల్లో కన్నా నయంగానే ఉన్నావు," అంది. "పిల్ల నీ మీద కోపంతో గీసింది."

చిలకమ్మ చూడటానికి వచ్చి సిగ్గుపడి పారిపోయింది. దాలమ్మ కేకేసి పిలిచి, గడ్డం పట్టుకుని చూసి, "నిజంగా మా అమ్మదేనే ఇది, ఎక్కడ దొంగిలించినావు," అంది. సూరీడమ్మ కూడా నవ్వింది.

అంబలి తాగాక కాగితం అడిగింది. ఈరోజు నుంచి అసిరి కోసం కట్ట మొదలుపెట్టాలి. ఎదురుగా గిన్నె ఉంది, చేట ఉంది, నేనున్నాను. ఆమె దేన్నీ చూడలేదు. ఎడమచేతి వేళ్లు తన గడ్డం కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని, కుడిచేత్తో గీసింది.

వేళ్లు వెళ్లిన దారినే గీత వెళ్లింది. ముఖం కింది నుంచి కనిపిస్తున్నట్టు వచ్చింది. అడుగున వెడల్పుగా గడ్డం, పైన ముక్కు రంధ్రాలు, ఎక్కడో చివర కళ్లు. అలా నేను ఏ మనిషినీ గీయలేదు, ఎవరూ గీయగా చూడలేదు. గడ్డం కింద గాటు ఒక్కటే కుదిరింది. మూడు కుట్ల గుర్తులు, వాటి మధ్య ఎడం, కొంచెం ఎడమ పక్కకు ఒంపు. ఆ పిల్లకు ఆ కుట్లు వేయించింది నేను. అది ఎడమ పక్కకు ఒంపు తిరిగి ఉంటుందని నాకు ఈరోజే తెలిసింది.

కళ్లు తెరిచి చూసుకుంది.

"ఇది తనేనని తెలుస్తాదా దానికి?"

"ఎవరికీ తెలియదు," అన్నాను. "అడుగుతుంది."

"ఎవుర్ని?"

"గదిలో ఎవరు ఉంటే వాళ్లని."

పెన్సిలు కింద పెట్టింది. ఎర్నమ్మకు ఇప్పుడే అరవై దాటాయి, పిల్ల లేచేనాటికి ఆ గదిలో ఉండదు కదా అంది. అవునన్నాను. లేచి ముఖం కడుక్కుని, ఉతికిన నా తుండుగుడ్డ ఒకటి తీసి, ముక్కు మీదుగా కట్టుకుని చూసింది. ముడి జారింది. మళ్లీ బిగించింది.

"ఊపిరి ఆడుతంది," అంది గుడ్డ వెనక నుంచి. "రేపు ఎర్నమ్మ కాడికి ఎల్తాను. పని నేర్పమంటాను."

కొత్త కట్ట కట్టడానికి దారం తెంపాను. మొదటి కాగితం అదే. నేను ఈరోజు గీయలేదు.